తాతమ్మ కోసం ఒక డీవీడీ

పొద్దున్నించీ కంప్యూటర్ ముందే ఉన్నాను. అక్క వాళ్ల పాప వీడియోలు పంపి నెల కావస్తోంది, అమ్మమ్మ ఇంకా చూడలేదు. ఫోన్‌లో చూపిస్తే ఆవిడ కంటికి ఆనదు. టీవీ కింద ఉన్న పాత డీవీడీ ప్లేయర్ మాత్రం కొట్టిన పిండి. రిమోట్‌లో ప్లే బటన్ మీది గుర్తు బొటనవేలి రాపిడికి ఎప్పుడో చెరిగిపోయింది, అయినా చూడకుండానే నొక్కేస్తుంది. దానికి పెన్‌డ్రైవ్ పెట్టే చోటు లేదు. డిస్క్ రాయాల్సిందే.

నిన్న డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లను ఉన్నవున్నట్టు ఎక్కిస్తే ప్లేయర్ కాసేపు తిప్పి తిప్పి వదిలేసింది. ఫోన్ తీసే ఎంపీ4 దానికి తెలియదు. దానికి కావాల్సింది ఎంపెగ్-2 అనే పాత పద్ధతి వీడియో, 720×576 కొలతలో, సెకనుకు 25 ఫ్రేములతో, వీఓబీ అనే డీవీడీ తరహా ఫైళ్లుగా ఒక ప్రత్యేకమైన ఫోల్డర్‌లో.

వీడియోలన్నీ కలిపి 110 నిమిషాలు. డిస్క్ మీద వేసే 4.7 జీబీ అంటే 470 కోట్ల బైట్లు, కంప్యూటర్ లెక్కలో 4.37 జీబీయే. దాన్ని 6,600 సెకన్లకు పంచితే సెకనుకు 5.7 మెగాబిట్లు. శబ్దానికి కొంత, చివర్లో ఇరుకు పడకుండా కొంత తీసి, బొమ్మకి 5.2 ఇచ్చాను.

అసలు పనంతా సబ్‌టైటిళ్ల దగ్గరే. అమ్మమ్మకి చెవులు బాగా మందగించాయి. పాప ముద్దుమాటలు వినపడకపోతే చూసి ఏం లాభం? అందుకే ప్రతి మాటా విని తెలుగులో టైపు చేశాను. తీరా డిస్క్ తయారుచేసే ప్రోగ్రాంలో చూస్తే ఒత్తులన్నీ విడిపోయాయి. "తాతమ్మా, నువ్వెప్పుడొస్తావ్?" అన్నది "తాతమ్ మా, నువ్ వెప్ పుడొస్ తావ్" అని పడింది. ప్రాణం ఉసూరుమంది. డీవీడీలో సబ్‌టైటిళ్లు అక్షరాలుగా ఉండవు, బొమ్మలుగా ఉంటాయి. అంటే తప్పు ప్లేయర్‌ది కాదు, బొమ్మ గీసే దగ్గరే జరుగుతోంది. ఫాంటు మార్చాను, ఫలితం లేదు. చివరికి ఒత్తులు సరిగ్గా కలిపే వేరే ప్రోగ్రాంతో అక్షరాలను వీడియో మీదే పెద్దగా ముద్రించాను. పాత టీవీ అంచులు కోసేస్తుందని వాటిని కాస్త పైకి జరిపాను కూడా. మధ్యాహ్నమంతా దీనికే పోయింది, పోనీ.

ఇంకో చిక్కు: ఫోన్ వెలుతురును బట్టి ఫ్రేముల వేగం మార్చుకుంటూ తీస్తుంది. ఆ వీడియోలను ఉన్నవున్నట్టు ఎంపెగ్-2లోకి మారిస్తే పోనుపోను పెదవుల కదలికకీ మాటకీ పొంతన లేకుండా పోయింది. అన్నిటినీ ముందు ఒకే వేగానికి తెచ్చాక కుదిరింది. మెనూ పెట్టలేదు, డిస్క్ వేయగానే మొదలైపోవాలి. ఒక్కో వీడియో ఒక్కో చాప్టర్.

డిస్క్‌ని 4ఎక్స్ వేగంతో, అంటే మామూలుకి నాలుగు రెట్ల వేగంతో రాశాను, పావుగంట పట్టింది. బయటికి తీసి వెలుతురులో వంచి చూస్తే రాసినంత మేరా రంగు కొంచెం మారి, అంచు దాకా నిండిపోయింది.

సాయంత్రం అమ్మమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంది. ఏడో చాప్టర్‌లో ఆ మాట పడగానే కూడబలుక్కుంటూ పైకి చదివింది: "తాతమ్మా, నువ్వెప్పుడొస్తావ్." తర్వాత నావైపు తిరగలేదు. కాసేపాగి, "ఆ ముక్క మళ్లీ పెట్టరా" అంది. వెనక్కి వెళ్లే బటన్ మీద ఆవిడ వేలు పెట్టి చూపించాను. ఆ తర్వాత నా అవసరం రాలేదు.

పడుకోబోయే ముందు డిస్క్ తెచ్చి నా చేతికిచ్చి, "దీని మీద పెద్దక్షరాలతో పాప పేరు రాయి, వేరే వాటిలో కలిసిపోతుంది" అంది. బాల్‌పెన్ గీసుకుపోతుందని మెత్తటి మార్కర్ వెతికి రాసిచ్చాను.