క్రోచే దౌనే కనుమ దాకా

వెనిస్ చూడ్డానికి వచ్చినవాళ్లు మామూలుగా ఫెల్ట్రే వైపు వెళ్లరు. పాదువాలో ఎమ్మెస్ చదువుతున్న మా తమ్ముడి కొడుకు కూడా అదే అన్నాడు. "పడవ ఎక్కడం మానేసి ఆ కొండేంటి పెదనాన్నా, అక్కడేముంది?" అని. సైకిల్ పందెంలో ఓడిపోయిన ఒకాయనకు స్మారకం కట్టారురా, అది చూడాలి అన్నాను. ఓడిపోయినవాడికి స్మారకమా అని వాడికీ కాస్త ఆసక్తి పుట్టింది.

పాదువా నుంచి ఉత్తరానికి వెళ్లే రైలు మోంటెబెల్లూనా దాటాక పియావే నది లోయలోకి దూరుతుంది. అప్పటిదాకా ఉన్న మైదానం అయిపోయి రెండువైపులా కొండలు మొదలవుతాయి. ఫెల్ట్రేలో పాత ఊరంతా గుట్ట మీద, కోట గోడల మధ్య ఉంది. అది తీరిగ్గా చూడాల్సిన ఊరే గానీ, మాకు తీరిక లేదు. సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం. నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు కాబట్టి నాది బ్యాటరీ సైకిలు. వాడిది మామూలు గేర్ల సైకిలు.

పెదవేనా దాకా రోడ్డు సాఫీగానే ఉంటుంది. 1897 నాటి బీరు ఫ్యాక్టరీతో పేరుపడ్డ ఊరది. అక్కడి నుంచి అసలు ఎక్కుడు మొదలు. మలుపు మీద మలుపు, చెట్ల నీడ, వెనక నుంచి మమ్మల్ని దాటిపోయే సన్నటి టైర్ల చప్పుడు. ఏటా జూన్‌లో ఫెల్ట్రే నుంచి జరిగే పెద్ద సైకిల్ పరుగుకు ఈ దారి చాలాకాలంగా పేరున్నదే. మేం ఎక్కుతున్న క్రోచే దౌనే కనుమ ఎత్తు 1015 మీటర్లు. ఆల్ప్స్ లెక్కలో అది ఎత్తే కాదంటారు. మా వాడి ఆయాసం మాత్రం వేరే మాట చెప్పింది.

స్మారకం రోడ్డు పక్కనే ఉంది. 1995లో పెట్టారు. అది తర్వాత తన పేరుతోనే సైకిల్ సామాన్ల కంపెనీ పెట్టిన తుల్లియో కంపాన్యోలోది. 1901లో విచెంజాలో పుట్టాడు, ఇనుప సామాన్ల కొట్టు నడిపేవాళ్ల ఇంటి కుర్రాడు, సైకిల్ పందేల పిచ్చి. కథ ఇలా చెబుతారు. నవంబరు నెల, గ్రాన్ ప్రెమియో దెల్లా విత్తోరియా అనే పందెం, ఈ కనుమ మీద మంచు. ఆ రోజుల్లో గేరు మార్చడమంటే సైకిల్ దిగడమే. వెనక చక్రానికి రెండు పక్కలా చెరో పళ్ల చక్రం ఉండేది, చదునుకు చిన్నది, ఎత్తుకు పెద్దది. కొండ రాగానే దిగి, రెండు చెవులున్న నట్లు చేత్తో విప్పి, చక్రాన్ని తీసి తిరగేసి బిగించాలి. వేళ్లు చలికి కొయ్యబారిపోయి తుల్లియోకు ఆ నట్టు తిరగలేదు. వెనకున్నవాళ్లు ముందుకెళ్లిపోయారు. ఆ ఓటమే, నట్టు విప్పకుండా చక్రం ఊడదీసే మీటను కనిపెట్టేలా చేసిందంటారు.

ఇది ఏ ఏడు జరిగిందో చెప్పడంలోనే తేడాలున్నాయి. కొందరు 1924 అంటారు, కొందరు 1927 అంటారు. కంపెనీలు తమ పుట్టుక గురించి చెప్పుకునే కథలను నేను కాస్త అనుమానంగానే వింటాను. ఇందులో మంచు, ఓటమి, జ్ఞానోదయం అన్నీ సినిమాలో లాగా వరసగా అమరిపోయాయి. అయినా ఆ నట్టు బాధ మాత్రం నేను నమ్ముతాను. స్పానర్ లేకుండా సైకిల్ చక్రం ఊడదీయాలని చూసిన ఎవరైనా నమ్ముతారు.

అదృష్టం కొద్దీ అక్కడ నీళ్లు తాగుతున్న ఒక పెద్దాయన దగ్గర పాత స్టీలు సైకిలుంది. మా వాడు ఇటాలియన్‌లో అడిగి పెట్టాడు. ఆయన నా చేతిని పట్టుకుని వెనక చక్రం మధ్యలో ఉన్న ఆ చిన్న మీట మీద పెట్టాడు. లాగాను. సగం దూరం గట్టిగా ఉంది, ఆ తర్వాత చప్పున వదులైపోయింది. చక్రం చేతిలోకి వచ్చేసింది. ఇరుసు గొట్టంలా బోలుగా ఉంటుంది, దాని గుండా సన్నటి ఉక్కు కడ్డీ వెళ్తుంది. కడ్డీకి ఒక కొసన నట్టు, రెండో కొసన మీట. మీట లోపలి మొదలు గుండ్రంగా కాక ఒక పక్కకు ఉబ్బి ఉంటుంది. తిప్పితే ఆ ఉబ్బు కడ్డీని లాగి ఫ్రేము చీలికల మధ్య చక్రాన్ని నొక్కేస్తుంది. అంతే. ఇందులో తిప్పి తిప్పి బిగించే పని లేదు, చేతికి తొడుగులున్నా చెయ్యొచ్చు.

తుల్లియో 1933లో విచెంజాలో కంపెనీ పెట్టాడు. తర్వాత వచ్చిన కాంబియో కోర్సా అనే గేరు గురించి విన్నప్పుడు మాత్రం మా వాడికి నవ్వాగలేదు. సైకిల్ నడుస్తుండగానే చెయ్యి వెనక్కి చాచి, ఒక మీటతో వెనక చక్రం బిగువు వదిలించాలి. పెడల్ వెనక్కి తొక్కుతూ రెండో మీటతో చైనును పక్క పళ్లలోకి తోయాలి. చక్రం ముందుకో వెనక్కో జరిగి సర్దుకున్నాక మళ్లీ బిగించాలి. సర్కస్ ఫీటు! దానితోనే ఇటలీ పందెగాడు గీనో బర్తాలి 1948లో టూర్ ద ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ పందెం గెలిచాడు. ఆ టూర్‌లో 1937 దాకా చైను మార్చే గేర్లనే అనుమతించలేదని గుర్తుంటే, ఆ సర్కస్ ఎంత ముందడుగో తెలుస్తుంది. 1950ల మొదట్లో గ్రాన్ స్పోర్ట్ గేరు వచ్చి ఈ కష్టం తీర్చింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు పందెం సైకిలంటే విచెంజా సామానే. లంబోర్గినీ మియూరా కారుకు మెగ్నీషియం చక్రాలూ వీళ్లవే, 1966లో వచ్చిన, సీసా బిరడా తీసే భారీ పరికరమూ వీళ్లదే. 1983లో తుల్లియో పోయాడు. మరుసటేడే జపాన్‌కు చెందిన షిమానో క్లిక్‌మని సరిగ్గా గేరు పడే పద్ధతి తెచ్చింది. విచెంజా వాళ్లు తేరుకునేసరికి ఆలస్యమైంది. కొండ సైకిళ్ల సామాను కూడా మొదలుపెట్టి వదిలేశారు. పాతదాన్ని అందంగా చేయడంలో మునిగిపోయారని నాకనిపిస్తుంది.

దిగొచ్చి పెదవేనాలో బీరు ఫ్యాక్టరీ తోటలో కూర్చున్నప్పుడు మా వాడు తన సైకిల్ వెనక చక్రం దగ్గర వంగి ఏదో వెతికాడు. "దీనికి ఆ మీట లేదేంటి పెదనాన్నా?" అన్నాడు. నాదానికీ లేదు. డిస్క్ బ్రేకులు వచ్చాక చాలా కొత్త సైకిళ్లకు మరలున్న లావుపాటి ఇరుసునే పక్క నుంచి దూర్చి బిగిస్తున్నారు. చక్రం తియ్యాలంటే మళ్లీ తిప్పి తిప్పి విప్పాల్సిందే.