ఎర్రబెల్లి ఎన్నికల లెక్కలో జారిపోయే చోట్లు

తెలంగాణ మాజీ మంత్రి ఎర్రబెల్లి దయాకర్ రావు ఎన్నికల రికార్డు రాసేటప్పుడు ముందు చూడాల్సింది 2009. వర్ధన్నపేటలో 1994, 1999, 2004లో టీడీపీ తరఫున వరుసగా గెలిచారు. నియోజకవర్గాల పునర్విభజనలో ఆ సీటు ఎస్సీ రిజర్వుడు కావడంతో పాలకుర్తికి వచ్చారు. కాబట్టి 2009ని వేరే నియోజకవర్గంగానే లెక్కగట్టాలి. మధ్యలో 2008 ఉప ఎన్నికలో వరంగల్ ఎంపీగా గెలిచిన సంగతి మరవొద్దు.

పాలకుర్తిలో 2009, 2014 గెలుపులు టీడీపీవి. టీఆర్ఎస్‌లో చేరింది 2016లో. 2014 గెలుపును ఆ పార్టీ ఖాతాలో వేస్తే లెక్కంతా తప్పుతుంది. 2018లో టీఆర్ఎస్ నుంచి గెలిచి, 2019లో పంచాయతీరాజ్ మంత్రి అయ్యారు. 2023లో కాంగ్రెస్ అభ్యర్థి యశస్వినిరెడ్డి చేతిలో ఓడిపోయారు.

మెజారిటీ అంకె ఒక్కటే చూస్తే ఊళ్ల మాట వినబడదు. తుది ఫలితాల పత్రమైన ఫారం 20లో పోలింగ్ కేంద్రాల వారీ ఓట్లుంటాయి. పాలకుర్తి నియోజకవర్గంలోని తొర్రూరు ఎటు మొగ్గింది, రాయపర్తి ఎటు నడిచింది అన్నది అక్కడే తేలుతుంది. ఒక చిక్కుంది: కేంద్రాల నంబర్లు ఎన్నిక ఎన్నికకూ మారొచ్చు. ఆయా ఏటి పోలింగ్ కేంద్రాల జాబితా పక్కన పెట్టుకుని, ఊరి పేరుతోనే పోల్చాలి. పోస్టల్ ఓట్లు విడిగా ఉంటాయి, వాటిని ఏ ఊరికీ కలపొద్దు.