ఆబ్లివియన్‌లో లెవెల్ పెరిగేది ఎవరికి?

ఏ ఆర్‌పీజీలోనైనా, అంటే ఒక పాత్రను పెంచుకుంటూ ఆడే వీడియో గేమ్‌లోనైనా, లెవెల్ పెరిగిందంటే పండగే. 2006 మార్చి 20న వచ్చిన ‘ది ఎల్డర్ స్క్రోల్స్ IV: ఆబ్లివియన్’లో మాత్రం లోపలి లెక్క తెలిసినవాళ్లు మంచం కనిపిస్తే పక్కకు తప్పుకుంటారు. ఈ గేమ్‌లో పడుకుని లేస్తేనే లెవెల్ మారుతుంది. మారిన మరుక్షణం నుంచి దారిదోపిడీ దొంగ మొదలుకుని గుహలోని గోబ్లిన్ దాకా అందరూ మనతోపాటే బలపడతారు. మనం కూడా అంతే బలపడతామన్న హామీ మాత్రం ఎక్కడా లేదు.

ఇంత మంచి పునాది మీద ఇలాంటి తప్పు జరిగింది కాబట్టే బాధ. జైలు గదిలో మొదలై, చక్రవర్తి హత్యను కళ్లారా చూసి, మురుగు కాలువలోంచి బయటపడగానే ఎదురుగా సరస్సు, అవతలి ఒడ్డున విల్వరిన్ శిథిలాలు. అటు వెళ్లు, ఇటు వెళ్లకు అని అడ్డుపడేవాళ్లు ఉండరు. ఊళ్లో మనుషులకు దినచర్య ఉంటుంది: వేళకు లేస్తారు, తింటారు, పనికెళ్తారు, రాత్రికి తలుపు గడియ వేసుకుంటారు. డార్క్ బ్రదర్‌హుడ్ అనే హంతకుల ముఠా అప్పగించే క్వెస్టుల్లో (పనుల్లో) ఒకటుంది. ఒక పెద్ద భవంతిలో ఐదుగురు అతిథులు నిధి కోసం వెతుకుతుంటారు, ఆరో అతిథిగా వెళ్లిన మనం వాళ్లను ఒక్కొక్కరినీ చంపాలి, అదీ మిగతావాళ్లకు మన మీద అనుమానం రాకుండా. అలాంటి క్వెస్ట్ రాయగలిగిన బృందమే లెవెల్ వ్యవస్థను ఇలా వదిలేసిందంటే నమ్మబుద్ధి కాదు.

ముందు లెక్క చూద్దాం. కత్తి తిప్పడం, డాలు అడ్డం పెట్టడం లాంటి నైపుణ్యాలు మొత్తం 21 స్కిల్స్. బలం, వేగం లాంటి గుణాలు అట్రిబ్యూట్లు; లక్ కాకుండా ఉన్న ఏడు అట్రిబ్యూట్లకు తలా మూడు స్కిల్స్. ఈ 21లో ఏడింటిని మేజర్ స్కిల్స్‌గా ఎంచుకుంటాం, మిగతావి మైనర్. మేజర్ స్కిల్స్ అన్నీ కలిపి పది సార్లు పెరిగితే ఒక లెవెల్. లెవెల్ మారేటప్పుడు మూడు అట్రిబ్యూట్లను పెంచుకోవచ్చు. ఎంత పెరుగుతాయన్నది ఆ అట్రిబ్యూట్ కింద ఉన్న స్కిల్స్ ఆ లెవెల్‌లో ఎన్నిసార్లు పెరిగాయో దాన్ని బట్టి ఉంటుంది. అసలు పెరగకపోతే 1, ఒకటి నుంచి నాలుగు సార్లకు 2, ఐదు నుంచి ఏడుకు 3, ఎనిమిది తొమ్మిదికి 4, పదికి 5. పది దాటిన పెరుగుదల వచ్చే లెవెల్ బోనస్‌కు కలవదు. లక్ మాత్రం ఎప్పుడూ 1 చొప్పునే.

ఇప్పుడు ఒక మామూలు యోధుణ్ని తీసుకోండి. బ్లేడ్, బ్లాక్, హెవీ ఆర్మర్, ఆర్మరర్, అథ్లెటిక్స్ అతని మేజర్లలో ఉన్నాయి. వాడేవాటినే మేజర్లుగా పెట్టుకున్నాడు, ఎవరైనా చేసేది అదే. లెవెల్ వచ్చేసరికి బ్లేడ్ మూడు, బ్లాక్ రెండు, హెవీ ఆర్మర్ రెండు, ఆర్మరర్ ఒకటి, అథ్లెటిక్స్ రెండు సార్లు పెరిగాయి. బ్లేడ్ స్ట్రెంగ్త్ కింద, అథ్లెటిక్స్ స్పీడ్ కింద, మిగతా మూడూ ఎండ్యూరెన్స్ కింద వస్తాయి. అంటే స్ట్రెంగ్త్‌కు 2, ఎండ్యూరెన్స్‌కు 3, స్పీడ్‌కు 2. మొత్తం 7. అదే లెవెల్‌కు లెక్క వేసుకుని ఆడినవాడికి 5, 5, 5 చొప్పున 15. పది లెవెళ్లు గడిచేసరికి ఒకడికి 70, ఇంకొకడికి 150. గేమ్ దృష్టిలో ఇద్దరి లెవెలూ ఒకటే, ఎదురొచ్చే శత్రువులూ ఒకటే.

15 రావాలంటే మూడు అట్రిబ్యూట్ల కింద పదేసి చొప్పున ముప్ఫై పెరుగుదలలు కావాలి. మేజర్లు పది పెరగగానే లెవెల్ వచ్చేస్తుంది కాబట్టి మిగతా ఇరవై మైనర్ స్కిల్స్ నుంచి రావాలి. అంటే మీకు బాగా అవసరమైన స్కిల్‌ను మేజర్‌గా పెట్టుకోకపోవడమే లాభం! తన పాత్ర ఏమిటో చెప్పుకుని ఆడమనే గేమ్, ఆ చెప్పుకున్నదాన్నే శిక్షించడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోపం. స్పీచ్‌క్రాఫ్ట్, మర్కంటైల్, ఆల్కెమీ, అక్రోబాటిక్స్ మేజర్లుగా పెట్టుకున్నవాడైతే కబుర్లు చెప్పి, సరుకు అమ్మి, మందులు కలిపి, గెంతుతూ నడిచి పదో లెవెల్ చేరగలడు. అప్పటికి కత్తి పట్టడం కూడా రాదు. బయట మాత్రం పదో లెవెల్ శత్రువులు సిద్ధంగా ఉంటారు.

హెల్త్ సంగతి ఇంకా కఠినం. లెవెల్ మారిన ప్రతిసారీ ఎండ్యూరెన్స్‌లో పదో వంతు హెల్త్‌కు కలుస్తుంది. ఎండ్యూరెన్స్ 40 ఉండగా పది లెవెళ్లు ఎక్కితే ఆ పది లెవెళ్లకు వచ్చేది 40. అదే 100 ఉండగా ఎక్కితే 100. ఆలస్యంగా ఎండ్యూరెన్స్ పెంచుకుంటే, దాటిపోయిన లెవెళ్లలో రావాల్సిన ఆ పదో వంతు వెనక్కి రాదు. ఇవేవీ తెలియకుండా ఆడినవాడు పదిహేనో లెవెల్ దగ్గర ఎందుకు ఓడిపోతున్నాడో అర్థంకాక తన చేతకానితనం అనుకుంటాడు. తప్పు అతనిది కాదు.

ఇక శత్రువుల వైపు. మన లెవెల్‌ను బట్టి ఎవరు ఎదురవ్వాలో, వాళ్ల ఒంటిమీద ఏముండాలో జాబితాల్లోంచి వస్తుంది. అడవిలో తోడేళ్లు క్రమంగా తగ్గిపోయి కొండసింహాలు, ఎలుగుబంట్లు వాటి చోటికి వస్తాయి. ఇరవయ్యో లెవెల్ చేరేసరికి బందిపోట్లు గ్లాస్ కవచాల్లో, మరాడర్లనే దోపిడీదారులు డేడ్రిక్ కవచాల్లో తిరుగుతుంటారు. రెండూ గేమ్‌లో అత్యుత్తమమైనవి. ఒంటిమీద అంత విలువైన కవచం వేసుకున్న దొంగ దారికి అడ్డంపడి వంద గోల్డ్ ఇమ్మని బెదిరిస్తాడు. ఆ కవచం అమ్ముకుంటే వాడికి దోపిడీ అవసరమే ఉండదు. అక్కడితో గేమ్ జరిగే సైరోడీల్ ఒక దేశంగా కాకుండా ఒక పట్టికగా కనిపించడం మొదలవుతుంది.

ఇదే సిరీస్‌లో దీనికి ముందు 2002లో వచ్చిన మారోవిండ్‌ను దీని పక్కన పెట్టి పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అందులో దాదాపు పూర్తి డేడ్రిక్ కవచం డివైత్ ఫైర్ అనే వృద్ధ మాంత్రికుడి ఒంటిమీద ఉంటుంది. అది అతని దగ్గరుందన్న విషయమే ఆటగాళ్ల మధ్య ఒక వార్త. ఆబ్లివియన్‌లో అదే కవచం ఏ కోట శిథిలంలో అయినా దొరుకుతుంది. పెట్టెల్లోని సామాన్లూ అంతే, చాలావరకు లెవెల్ జాబితాల నుంచే. అందుకే రెండు వందలకు పైగా ఉన్న గుహలు, శిథిలాల్లో ఫలానా చోట ఫలానాది ఉంటుందన్న ఊరింపు అరుదు. పదో గుహ దాటాక పదకొండో గుహలోకి వెళ్లడానికి కారణం దొరకదు.

పై లెవెళ్లలో ఇంకో చిక్కు. మన స్ట్రెంగ్త్ 100 దగ్గర ఆగుతుంది, బ్లేడ్ స్కిల్ 100 దగ్గర ఆగుతుంది, ఆయుధాల వరస డేడ్రిక్‌తో ముగుస్తుంది. గోబ్లిన్ వార్‌లార్డ్ లాంటి వాటి హెల్త్ మాత్రం మన లెవెల్‌ను పట్టుకుని పెరుగుతూనే పోతుంది. దెబ్బ పెరగదు, తట్టుకునే శక్తి పెరుగుతుంది. దాంతో పోరాటం కష్టంగా కాక, సాగదీతగా మారుతుంది.

ఎక్కడికైనా ఎప్పుడైనా వెళ్లనివ్వాలన్న కోరికే దీనికి మూలం అనుకుంటాను. కోరిక మంచిదే. కానీ ఆ స్వేచ్ఛకు విలువ రావాలంటే కొన్ని చోట్లు భయపెట్టాలి, పారిపోయి వచ్చాక మళ్లీ వెళ్లి గెలవగలగాలి. 2010 నాటి ఫాలౌట్: న్యూ వెగాస్ అనే గేమ్‌లో క్వారీ జంక్షన్ దగ్గర డెత్‌క్లాలనే మృగాలు మొదటి గంటలోనే మనల్ని తరిమేస్తాయి. ఆ దారి మూసినట్టు ఎవరూ చెప్పరు, దారే చెబుతుంది. ఆబ్లివియన్ తయారుచేసిన బెథెస్డా కూడా తర్వాతి గేములైన ఫాలౌట్ 3లోనూ స్కైరిమ్‌లోనూ ప్రాంతాలకు లెవెల్ హద్దులు పెట్టింది. ఆబ్లివియన్‌కు కూడా అది అసాధ్యమేమీ కాదు. అదే ఇంజిన్ మీద ఆస్కురోస్ ఆబ్లివియన్ ఓవర్‌హాల్ అనే మోడ్ (అభిమానులు గేమ్‌కు చేసే మార్పు) చేసి చూపించింది. పీసీలో 2006 నాటి పాత గేమ్ ఆడేవాళ్లు మొదట వేసుకోవాల్సింది అదే.

మోడ్ లేకుండా పాతదే ఆడాలనుకుంటే కొన్ని జాగ్రత్తలతో గేమ్ చాలావరకు దారికొస్తుంది. అథ్లెటిక్స్, అక్రోబాటిక్స్, స్పీచ్‌క్రాఫ్ట్, మర్కంటైల్, ఆల్కెమీ మేజర్లలో వద్దు. ఇవి మనకు తెలియకుండానే పెరిగేవి. ప్రధాన ఆయుధాన్ని కూడా మైనర్‌గానే ఉంచండి. మైనర్ స్కిల్ 5తో మొదలవుతుంది కదా అని కంగారు పడక్కర్లేదు. మొదట్లో పోరాటాన్ని మన విభాగంగా ఎంచుకునే కంబాట్ స్పెషలైజేషన్‌కు ఇంకో 5, రెడ్‌గార్డ్ జాతికి బ్లేడ్‌లో ఇంకో 10 కలిసి 20తో మొదలవుతుంది. మేజర్ అయితే 40 ఉండేది, నిజమే. కానీ తొలి లెవెళ్లలో శత్రువులూ బలహీనులే, ఆ తేడా త్వరగా పూడుతుంది.

మొదటి పది పన్నెండు లెవెళ్లూ ఎండ్యూరెన్స్‌కు 5 తప్పకుండా పడాలి. దాని కింద ఉన్నవి ఆర్మరర్, బ్లాక్, హెవీ ఆర్మర్. శిక్షకుల దగ్గర లెవెల్‌కు ఐదు సార్లు నేర్చుకోవచ్చు కాబట్టి కావలసిన పదిలో సగం డబ్బుతో వచ్చేస్తుంది. మిగతా ఐదింటికి సుత్తులు ఎక్కువగా కొని పాడైన ప్రతి ఆయుధాన్నీ మీరే బాగు చేసుకోండి, లేదంటే మట్టిపీత లాంటి బలహీన జీవి ముందు డాలు అడ్డం పెట్టి నిలబడండి. పది మేజర్ పెరుగుదలలు పూర్తయ్యాయన్న సందేశం వచ్చేలోపే బోనస్ లెక్క సరిపోయేలా చూసుకోండి. ఆ తర్వాత పడుకోకుండా ఆడినా ఆ లెవెల్ లెక్క మారదు. ఒక కాగితం మీద స్కిల్స్ రాసుకుని గీతలు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంత శ్రమ వద్దనుకుంటే లెవెలే పెంచకండి. నిజంగానే, రెండో లెవెల్‌లో ఉండిపోయి ప్రధాన కథ మొత్తం పూర్తి చేయవచ్చు. ఒక గేమ్ తన వ్యవస్థ గురించి ఇంతకన్నా చేదు సాక్ష్యం ఇవ్వలేదు.

క్వాచ్ పట్టణాన్ని కాపాడే క్వెస్ట్ వీలైనంత త్వరగా చేసేయండి. తొలి లెవెళ్లలో అక్కడ తెరుచుకున్న ఆబ్లివియన్ లోకపు గేటు అవతల ఎక్కువగా స్కాంపులనే చిన్న రాక్షసులే ఉంటాయి. ఆలస్యం చేస్తే వాటి చోట డేడ్రాత్‌లు, స్పైడర్ డేడ్రాలు లాంటి బలమైన రాక్షసులు వచ్చి పక్కన పోరాడే సైనికులు నిలవలేరు. మంచి ఆయుధం బహుమతిగా ఇచ్చే క్వెస్టులకు మాత్రం ఇదే తలకిందులు. కోరోల్‌లో ఓడియిల్ కుటుంబ పొలాన్ని కాపాడితే దొరికే చిల్‌రెండ్ కత్తి, మనం పుచ్చుకున్న లెవెల్ దగ్గరే శాశ్వతంగా ఆగిపోతుంది. తొందరపడి తీసుకుంటే కొన్నాళ్లకే పనికిరాదు. అంబ్రా ఖడ్గం ఏ లెవెల్‌లో సంపాదించినా ఒకటే కాబట్టి దాని కోసం ఆగక్కర్లేదు.

ఇప్పటికే పాడైన పాత్రతో ఇరవయ్యో లెవెల్ దాటి ఇరుక్కున్నవాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి డిఫికల్టీ స్లైడర్. మధ్యలో ఉంటే దెబ్బలు మామూలుగా ఉంటాయి, కుడి చివరకు జరిపితే మన దెబ్బ ఆరో వంతుకు తగ్గి వాళ్ల దెబ్బ ఆరు రెట్లవుతుంది, ఎడమ చివరకైతే దీనికి సరిగ్గా తిరగబడుతుంది. ఇంత పెద్ద తేడా ఉన్న స్లైడర్ కాబట్టి కొంచెం ఎడమకు జరిపినా చాలు. రెండోది కమీలియన్, అంటే మనల్ని శత్రువుల కంటపడకుండా దాచే మంత్రం. ఏడు ఊళ్ల మేజెస్ గిల్డ్ (మాంత్రికుల సంఘం) సిఫారసులు తెచ్చుకుంటే ఆర్కేన్ యూనివర్సిటీ తలుపులు తెరుచుకుంటాయి. అక్కడ గ్రాండ్ సోల్ అనే అతిపెద్ద ఆత్మను నింపిన రత్నంతో ఒక వస్తువుకు 20 శాతం కమీలియన్ పెట్టవచ్చు. అలా ఐదు వస్తువులు వేసుకుంటే నూరు శాతం, ఇక ఏ శత్రువూ మనల్ని గుర్తించలేడు. ఇది వాడితే పోరాటంలో సరదా మిగలదు, కథ చూడటానికి మాత్రం ఉపయోగపడుతుంది.

2025 ఏప్రిల్ 22న వచ్చిన రీమాస్టర్‌లో, అంటే పాత గేమ్‌కు మెరుగులు దిద్దిన కొత్త రూపంలో, ఈ కాగితం లెక్కల బాధ తీరింది. మేజర్, మైనర్ తేడా లేకుండా అన్ని స్కిల్సూ లెవెల్‌కు పనికొస్తాయి. ప్రతి లెవెల్‌కు 12 పాయింట్లు ఇస్తారు. వాటిని మూడు అట్రిబ్యూట్లలో, ఒక్కోదానికి ఐదుకు మించకుండా పంచుకోవచ్చు. లక్ ఒక్కటి పెంచాలంటే నాలుగు పాయింట్లు ఖర్చు. ఏ స్కిల్ వాడినా నష్టం లేదు, ఎండ్యూరెన్స్‌కు ఐదు కావాలంటే ఐదు పెట్టుకోవచ్చు. 2006లోనే ఇలా ఉండాల్సింది.

సగమే సరిచేశారు. గ్లాస్ కవచం వేసుకున్న బందిపోటు రీమాస్టర్‌లోనూ అలాగే ఉన్నాడు. శత్రువుల జాబితాలు, మనం పుచ్చుకున్న లెవెల్ దగ్గర ఆగిపోయే బహుమతులు పాతవే. కాబట్టి కొత్తదాంట్లోనూ క్వాచ్ ముందు, చిల్‌రెండ్ తర్వాత. ప్రధాన కథను ఇరవయ్యో లెవెల్‌లోపు ముగించండి. ఆ పైన ఆడాలనిపిస్తే గుహలు వదిలేసి డార్క్ బ్రదర్‌హుడ్, థీవ్స్ గిల్డ్ వైపు వెళ్లండి. ఆ భవంతిలోని ఐదుగురు అతిథుల దగ్గర మీ లెవెల్‌తో పనేమీ లేదు. ఎవరి మీద ఎవరికి కోపం, ఎవరికి ఎవరంటే ఇష్టం, అది తెలుసుకుని ఒకరి అనుమానాన్ని ఇంకొకరి మీదికి మళ్లిస్తే చాలు.