అర బస్తా వడ్లు, ఒక నూలు గౌను

మా పాపకు పదకొండేళ్ళు. సిడ్నీలోనే పుట్టింది. ఈ టర్మ్‌లో వాళ్ళ క్లాసులో కాన్విక్టుల పాఠం నడుస్తోంది. చిన్న చిన్న దొంగతనాలకు బ్రిటన్ ఓడలెక్కించి ఇక్కడికి పంపేసిన మనుషుల చరిత్ర. మన పెద్దవాళ్ళు ద్వీపాంతరవాస శిక్ష అనేవారే, అదే. ఆ మాట వింటే మనకు అండమాన్ గుర్తొస్తుంది. మేము రోజూ తిరిగే వీధులు ఒకప్పుడు ఇంకొకరికి ఆ ద్వీపాంతరమే.

ఒకరోజు కార్లో ఇంటికొస్తూ, "అమ్మా, నా ఫ్రెండ్ వాళ్ళ ముత్తాతకి తాత ఒక దొంగట, తెలుసా?" అంది. ఆ పిల్ల క్లాసులో లేచి నిలబడి, సంబరంగా చెప్పిందట. "ష్, అలా అనకూడదు, వాళ్ళు బాధపడతారు" అన్నాను వెంటనే. "వాళ్ళే చెప్పుకున్నారు కదా" అని నా వైపు వింతగా చూసి, కాసేపాగి అడిగింది: "మన ఇంట్లో ఎవరైనా జైలుకెళ్ళారా?"

లేదన్నాను. అది అబద్ధం.

ఆ శనివారం ఊళ్ళో ఉన్న హైడ్ పార్క్ బ్యారక్స్‌కు వెళ్ళాం. 1819లో కాన్విక్టుల కోసం తెరిచిన మూడంతస్తుల ఇటుక భవనం. దాన్ని డిజైన్ చేసిన ఫ్రాన్సిస్ గ్రీన్‌వే కూడా ఫోర్జరీ కేసులో శిక్ష పడి వచ్చినవాడే. పై అంతస్తులో గుడ్డ ఊయలలు వరసగా కట్టి ఉంటాయి. పాప ఒకదాంట్లో పడుకుని చెయ్యి చాపితే పక్క ఊయల తగిలింది. "ఇంత దగ్గరగానా పడుకునేవాళ్ళు?" అంది.

ఇంటికొచ్చాక ఇద్దరం కూర్చుని మేరీ వేడ్ గురించి చదివాం. లండన్ పిల్ల. 1789లో ఓల్డ్ బెయిలీ కోర్టు ముందు నిలబడేనాటికి ఆమెకు పదకొండేళ్ళని చెబుతారు. ఎనిమిదేళ్ళ పిల్ల దగ్గర నుంచి నూలు గౌను, టోపీ, భుజాల మీద కప్పుకునే గుడ్డ లాక్కుంది. గౌనును కుదువ కొట్లో ఇచ్చేశారు. దానికి పడింది ఉరిశిక్ష. తర్వాత దాన్ని ద్వీపాంతరవాసంగా మార్చి, లేడీ జూలియానా అనే ఓడలో ఎక్కించారు. దాదాపు పది నెలల ప్రయాణం. 1790 జూన్‌లో సిడ్నీలో దిగింది. మళ్ళీ ఇంగ్లండ్ చూడలేదు. ఇక్కడే ఇరవైమందికి పైగా పిల్లల్ని కన్నది. ఈ దేశ ప్రధానిగా పనిచేసిన కెవిన్ రడ్ ఆమె వంశంవాడే.

జాన్ హడ్సన్ కథ ఇంకా కలచివేసింది. తల్లీ తండ్రీ లేని తొమ్మిదేళ్ళ పిల్లాడు, పొగగొట్టాలు శుభ్రం చేసేవాడు. ఒక ఇంట్లో దూరి చొక్కా, పట్టు మేజోళ్ళు, పిస్తోలు తీశాడని 1783లో కేసు. మసి అంటిన కాలివేళ్ళ గుర్తులు కనబడ్డాయని ఆ ఇంటాయన సాక్ష్యం చెప్పాడు. ఏడేళ్ళ శిక్ష. 1788లో ఇక్కడ దిగేసరికి వాడికి పదమూడు. ఆ కాలివేళ్ళు నన్ను రెండు రోజులు వదల్లేదు. అవి ఎంత చిన్నవో అని.

అంత కఠినం ఎందుకని పాప అడిగింది. అప్పటి చట్టం పేదవాడి ప్రాణం కన్నా ఉన్నవాడి సొమ్ముకే ఎక్కువ విలువ కట్టిందని చెప్పాను. ముందు ఇలాంటివాళ్ళని అమెరికా వలసలకు పంపేవారు. అక్కడ స్వాతంత్ర్య యుద్ధం రావడంతో ఆ దారి మూసుకుపోయింది, జైళ్ళు నిండిపోయాయి, థేమ్స్ నదిలో పాత ఓడల్నే జైళ్ళుగా వాడారు. అందుకే 1787 మే 13న పోర్ట్స్‌మత్ నుంచి 11 ఓడలు ఇటు బయల్దేరాయి. 1868 దాకా దాదాపు 1,62,000 మందిని తెచ్చారు. ఈ నేల అప్పటికే ఇక్కడి ఆదివాసులైన గాడిగల్ వాళ్ళది. వాళ్ళనెవరూ అడగలేదు. ఓడలు దిగిన మరుసటి ఏడాదే, 1789లో, మశూచి వాళ్ళలో ఎందరినో తీసుకుపోయింది. పాప ఈ ముక్కని తన నోట్‌బుక్‌లో రెండుసార్లు రాసుకుంది.

ఓడెక్కే ముందు కొందరు పెన్నీ నాణేన్ని నున్నగా అరగదీసి, దాని మీద అక్షరాలు చెక్కి అమ్మకో భార్యకో ఇచ్చేవారట. కాన్‌బెర్రా మ్యూజియంలో అలాంటివి చాలా ఉన్నాయి. దీన్ని చూసినప్పుడల్లా నన్ను తలుచుకో అన్నదే వాటిలో ఎక్కువగా కనబడే మాట.

ఈ కుటుంబాలు కూడా చాలాకాలం నోరు విప్పలేదు. కాన్విక్టుల దీవి అన్న మచ్చ పోవాలని ఈ దేశానికి దక్షిణాన ఉన్న వాన్ డీమెన్స్ లాండ్ అనే దీవి 1856లో తన పేరునే టాస్మేనియాగా మార్చుకుంది. అది చదివినప్పుడు మా మామయ్య గుర్తొచ్చాడు.

అమ్మది రేపల్లె దగ్గర పల్లెటూరు. 1977 నవంబరు ఉప్పెనలో పంటంతా పోయింది. ఇంట్లో గింజ లేదు. పంతొమ్మిదేళ్ళ మా మామయ్య ఒకరి గరిసెలోంచి అర బస్తా వడ్లు తీశాడు. పట్టుకున్నారు. మూడు నెలలు జైల్లో ఉండి, విడుదలయ్యాక ఇంటికి రాకుండా ఎటో వెళ్ళిపోయాడు. తర్వాత అమ్మకు సంబంధాలు చూసేటప్పుడు తాతయ్య తనకిద్దరూ ఆడపిల్లలేనని చెప్పారట. నా పెళ్ళికి ముందు రోజు రాత్రి అమ్మ ఇదంతా చెప్పి, ఇంకెవరితోనూ అనకు అంది. పేరు మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ రాత్రి పాపకు చెప్పేశాను. అంతా విని, "అర బస్తా అంటే ఎన్ని రోజులు తినొచ్చు?" అంది. తర్వాత అమ్మమ్మకు వీడియో కాల్ చేసింది. నేను ఆపలేదు.

"అమ్మమ్మా, మీ అన్నయ్య పేరేంటి?"

అమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "చిన్నపిల్లకి ఇవన్నీ ఎందుకు చెప్పావే" అంది నాతో. కాసేపటికి పేరు చెప్పింది. నలభై రెండేళ్ళ వయసులో ఆ పేరు మొదటిసారి విన్నాను. పాప స్కూల్ కోసం గీసిన వంశవృక్షంలో అమ్మమ్మ పక్కన ఇంకో కొమ్మ గీసి, ఆ పేరు తెలుగులో ఎలా రాయాలో చూపించమంది.