అత్తయ్యకి వినపడుతుంది

పదకొండున్నర దాటింది, నిద్ర పట్టడం లేదు. శనివారం అత్తయ్యకి చెవి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నది నేనే కదా, ఆ సంగతే తిరుగుతోంది బుర్రలో.

హోమ్ థియేటర్ వచ్చి పదిహేను రోజులు. ఆ రోజు నుంచీ "మాటలు వినపడట్లేదమ్మాయ్" అంటూనే ఉన్నారావిడ. మాటల కోసం సౌండ్ పెంచితే పాట రాగానే కిటికీ అద్దాలు అదురుతాయి, కింది ఫ్లాట్ వాళ్ళు ఫోన్ చేస్తారు. వయసు కదా అనేశాం. ఆవిడ ముందే అన్నాం.

సాయంత్రం దుమ్ము తుడుస్తూ ఎందుకో సెంటర్ స్పీకర్‌కి చెవి ఆనించాను. టీవీలో ఎవరో ఏడుస్తూ ఏదో చెబుతున్నారు, ఆ పెట్టెలో మాత్రం చప్పుడే లేదు. ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్ ఉండే ఈ 5.1 సెట్‌లో మాటలు ముఖ్యంగా వచ్చేదే దాంట్లోంచి! సెట్టింగుల్లోకి వెళ్తే డిజిటల్ సౌండ్ ఔట్‌పుట్ పీసీఎం అని ఉంది. దానివల్ల మా టీవీ రెండు ఛానళ్ళే పంపుతోందన్నమాట. సౌండ్‌ని ఉన్నదున్నట్టు పంపే పాస్ త్రూకి మార్చగానే గొంతు నా చెవిలోనే పలికింది.

బిగించిన అబ్బాయి మీద ఒళ్ళు మండిపోయింది. వెనకవైపు స్పీకర్లు రెండూ కూర్చున్నవాళ్ళకి పక్కగా, కాస్త వెనక్కి, ఎదురుగా ఉన్న టీవీ నుంచి లెక్కేస్తే 110 డిగ్రీల దగ్గర ఉండాలి. "వైరు చాలదు మేడం" అని వాటినీ టీవీ గోడకే తగిలించి పోయాడు. సబ్‌వూఫర్‌ని మూలకి తోశాడు, మూలలో పెడితే బేస్ ఉబ్బిపోయి గదంతా గుమ్మంటుంది. ఏ స్పీకర్ ఎంత దూరంలో ఉందో టేపు పెట్టి కొలవనైనా లేదు. డబ్బులు తీసుకుని, ఐదు స్టార్లు కూడా అడిగి మరీ వేయించుకున్నాడు.

మా చిన్నాన్న గుర్తొచ్చాడు. టేప్ రికార్డర్ స్పీకర్‌ని మంచినీళ్ళ కుండలో పెట్టేవాడు, బేస్ కోసం. కుండ మూతి ఒకసారి గోడవైపు, ఒకసారి వాకిలివైపు తిప్పుతూ సగం పొద్దు దానితోనే గడిపేవాడు. రెండో స్పీకర్‌కి వైరు పొడిగించి, నానమ్మ నులక మంచం తలవైపు దూలానికి కట్టాడు. కట్టి, కిందికి దిగి, మంచం మీద ఆవిడ పక్కనే పడుకుని విన్నాడు. "అమ్మా, మాట తెలుస్తోందా?" అని అడిగి, ఆవిడ ఊఁ అన్నాకే అన్నానికి లేచాడు.

ఆ అబ్బాయిని అనుకోవడం కూడా ఎందుకులే. పదిహేను రోజులు అదే సోఫాలో కూర్చున్నాం, ఆవిడ పక్కన కూర్చుని ఒక్కరోజైనా విన్నామా? మధ్యాహ్నం దాకా ఈ డబ్బాలన్నీ అమ్మేద్దామనే అన్నాను నేను.

ఈయన వస్తూ వస్తూ వైరు తెచ్చారు. వెనక స్పీకర్లు రెండు స్టూళ్ళ మీద పెట్టాం, సబ్‌వూఫర్‌ని మూల నుంచి లాగాం. సినిమాలో వాన మొదలైంది. అత్తయ్య గబుక్కున లేచి బాల్కనీ వైపు నడిచారు, "బట్టలు తడిసిపోతున్నాయే!" అంటూ.

తిరిగొచ్చి కూర్చుని మాటలన్నీ విన్నారు, రిమోట్ ఎవరూ ముట్టుకోలేదు. పడుకోబోయే ముందు మెల్లిగా అడిగారు, "శనివారం వెళ్ళాలా మరి?" అని. వద్దత్తయ్యా అన్నాను. ఇంకా ఏదో అనాలనుకున్నాను గానీ అప్పటికే లైటు తీసేశారు.