ఉద్యోగం చేస్తూ కార్తీక నక్తాలు: నా అనుభవం

కార్తీక నక్తాలు చెయ్యాలని చాలా ఏళ్ళుగా అనుకుంటూ 2025లో మొదలుపెట్టాను. అక్టోబరు 22న పాడ్యమి, నవంబరు 20న అమావాస్య. ఆ నెలంతా పగలు భోజనం మానేసి, సాయంత్రం దీపం పెట్టుకుని, నక్షత్రం చూశాక ఒక్క పూట తినాలి. మాది రాజమహేంద్రవరం. నాది అకౌంట్స్ ఉద్యోగం, పొద్దున కూర్చుంటే సాయంత్రం ఐదింటికి లేస్తాను. ఇలాంటి ఉద్యోగంలో నక్తాలు కుదురుతాయా అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది.

నాకు షుగర్, బీపీ లేవు. అయినా దసరా వెళ్ళగానే డాక్టర్‌ని అడిగి రక్తపరీక్ష చేయించుకున్నాను. మా అత్తయ్యగారు ఏళ్ళ తరబడి నక్తాలు చేసిన మనిషి. షుగర్ వచ్చాక మానేశారు. "మందు వేసుకుని వేళకి తినడమే ఇప్పుడు నా వ్రతం" అంటారు. నీళ్ళు, పాలు, మందు, గురువు మాట వ్రతాన్ని చెడగొట్టవని ఒక పాత శ్లోకం ఉంది, దాన్ని ఆవిడే నాకు చెప్పారు. అందుకని నేను రోజంతా మంచినీళ్ళు తాగాను, మధ్యాహ్నం ఒక గ్లాసు పాలు పుచ్చుకున్నాను. నీళ్ళు కూడా ముట్టకుండా చేసేవాళ్ళున్నారు. వాళ్ళకి నమస్కారం. కానీ ఎండలో స్కూటర్ మీద ఆఫీసుకి వెళ్ళొచ్చేవాళ్ళకి ఆ పద్ధతి నేను చెప్పను.

మొదటి రోజుల్లో ఆకలి కంటే కాఫీ ఎక్కువ బాధపెట్టింది. పదకొండయ్యేసరికి కణతలు లాగేసేవి. వారం తిరిగేలోగా అది తగ్గిపోయింది. చెయ్యాలనుకునేవాళ్ళు ఆశ్వయుజంలోనే కాఫీ కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వస్తే ఆ బాధ ఉండదు.

ఆకలి సంగతి చిత్రంగా ఉంటుంది. ఒంటిగంటకి అందరూ క్యారేజీలు విప్పగానే ఆ వాసనకి కడుపులో మెలిపెట్టేది. రెండింటికల్లా ఏమీ జరగనట్టు సర్దుకునేది. కార్తీక పురాణం ముప్పై అధ్యాయాలు కదా, రోజుకొకటి చొప్పున ఆ లంచ్ టైములోనే చదువుకునేదాన్ని. అసలు కష్టం నాలుగింటికి. చిన్న మాటకే చిరాకు, కోపం. మామూలు రోజుల్లో ఆ వేళకి బిస్కెట్లో, కింద బండి మీద బజ్జీలో తినేదాన్ని. ఆకలేసి తింటున్నానని అనుకునేదాన్ని. తినడం ఆగాక తెలిసింది, అది ఆకలి కానే కాదు. లెక్కలు కలవని టెన్షన్, ఎవరో అన్న మాట తాలూకు ఉక్రోషం, వాటి నోట్లో ఇన్ని బజ్జీలు కుక్కుతున్నాను. ఆ పది నిమిషాలూ శివనామం అనుకుంటూ కూర్చునేదాన్ని. కోపం వెంటనే పోయేది కాదు. కానీ అది వస్తోందని ముందే తెలిసేది, మాట జారకుండా ఆగగలిగేదాన్ని. ఈ నెలలో నేను నేర్చుకున్నవాటిలో నాకు చాలా విలువైనది అదే.

మా ఊళ్ళో ఆ రోజుల్లో ఐదున్నరకి కాస్త అటూఇటూగా పొద్దుగూకుతుంది. ఇంటికొచ్చి స్నానం చేసి, తులసికోట దగ్గర నువ్వుల నూనెతో దీపం పెట్టి, మేడ మీదకి వెళ్ళేసరికి నక్షత్రాలు కనబడేవి. మొదటి వారంలోనే మొంథా తుపాను వచ్చింది. అక్టోబరు 28 రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆకాశమంతా మబ్బు, గాలి, కరెంటు లేదు. నక్షత్రం ఎక్కడ కనిపిస్తుంది? చీకటి పడ్డాక కూడా వరండాలో నిలబడి చూస్తుంటే అత్తయ్యగారు పిలిచారు. "నక్షత్రం కనబడకపోతే పస్తు పడుకోమని ఎవరూ చెప్పలేదమ్మాయ్. దీపం పెట్టావు, చుక్కలు పొడిచే వేళ దాటింది. దణ్ణం పెట్టుకుని తిను."

ఇక తినడం. నన్నడిగితే నక్తాల్లో కష్టమంతా ఇక్కడే ఉంది. పగలంతా మాడిన కడుపు కంచం చూడగానే తొందరపెడుతుంది. చెయ్యి ఆగదు. పది నిమిషాల్లో పీకలదాకా తినేసి, ఆ బరువుతో కూలబడితే పగటి ఉపవాసం ఏమైనట్టు? అత్తయ్యగారు మొదటి రోజే నియమం పెట్టారు. తినేదంతా ఒకేసారి వడ్డించుకోవాలి, మారు వడ్డన లేదు. ఫోను, టీవీ వద్దు. మొదటి ఐదు ముద్దలూ మాట్లాడకుండా తినాలి. మా మామయ్యగారు ఔపోసన పట్టి, ప్రాణాయ స్వాహా, అపానాయ స్వాహా అంటూ ఐదు ప్రాణాహుతులు తీసుకున్నాకే భోజనం మొదలుపెడతారు. ఇన్నేళ్ళుగా దాన్ని ఆయన అలవాటుగానే చూశాను. లోపలున్న ఐదు ప్రాణాలకీ ముందు నివేదించి ఆ తర్వాత నువ్వు తిను అంటే, చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది. ఇప్పుడు మైండ్‌ఫుల్ ఈటింగ్ అని క్లాసుల్లో చెబుతున్నది మా ఇంట్లో రోజూ నా కళ్ళ ముందే జరుగుతోంది.

ఉల్లి, వెల్లుల్లి లేవు. ముద్దపప్పు, నెయ్యి, ఆనపకాయ కూర, ఉసిరికాయ పచ్చడి, చివర మజ్జిగ. వేడన్నం, పప్పు, నెయ్యి ముద్ద నోట్లో పెట్టుకుంటే కందిపప్పు వేయించిన వాసన విడిగా తెలిసేది. పచ్చడిలో పులుపు తర్వాత మంచినీళ్ళు తియ్యగా ఉండేవి. రెండో వారానికి పొట్టే చెప్పడం మొదలుపెట్టింది, ఇక చాలని. మితిమీరి తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయంలో ఉంది. ఆ మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే, ఒంటికి పట్టింది మాత్రం ఇప్పుడు.

పండగలు సులువుగానే వెళ్ళిపోయాయి. నాగుల చవితి ప్రసాదం, చలిమిడీ చిమ్మిలీ, కళ్ళకద్దుకుని రాత్రికి దాచుకున్నాను. వనభోజనాలకి మాత్రం మానేద్దామా అనిపించింది. మధ్యాహ్నం భోజనం, పైగా ఆఫీసువాళ్ళంతా ఉంటారు. వెళ్ళాను, వడ్డన తీసుకున్నాను. ఉసిరిచెట్టు కింద పూజయ్యాక పులిహోర, గుమ్మడికాయ దప్పళం వడ్డిస్తూ తిరుగుతుంటే నోరూరలేదని చెప్పను. కానీ ఎదుటివాళ్ళు ఇష్టంగా తింటుంటే కలిగే తృప్తి ఎంత నిజమైనదో ఆ రోజు చూశాను. విస్తళ్ళలో వదిలేసిన అన్నం చూసి మాత్రం కడుపు తరుక్కుపోయింది.

నాకు బాగా నచ్చిన పని ఇంకొకటుంది. పగటిపూట నేను మానేసిన భోజనం బియ్యాన్ని రోజూ కొలిచి ఒక డబ్బాలో వేయమన్నారు అత్తయ్యగారు. డబ్బు ఆదా చెయ్యడానికి కాదు, ఆ అన్నం ఎవరిదో వాళ్ళకి చేరాలి అని. కార్తీకం అయిపోయిన మర్నాడు, పోలి పాడ్యమి తెల్లవారుజామున, గోదావరి పుష్కర ఘాట్‌లో అరటిదొప్ప దీపాలు వదిలి వచ్చాక, ఆ బియ్యానికి కందిపప్పు, కూరగాయలు, నెయ్యి, బెల్లం కలిపి కొంత గుళ్ళో స్వయంపాకం ఇచ్చాం, కొంత దగ్గర్లోని వృద్ధాశ్రమానికి పంపాం.

ఎన్ని కిలోలు తగ్గావని ఆఫీసులో అందరూ అడిగారు. నేను చూసుకోలేదు. ఇప్పుడు సోమవారాలు మాత్రం నక్తం ఉంటున్నాను. డబ్బా వంటింట్లోనే ఉంది, సోమవారం బియ్యం అందులోకే వెళ్తున్నాయి.