‘కాంపియన్’ ఎపిసోడ్లు: పదహారులో పదమూడు అయ్యాయి

నిన్న రాత్రితో పదమూడో ఎపిసోడ్ పూర్తయింది. ఇంకా మూడే ఉన్నాయి. మొదలుపెట్టిన రోజు నుంచి నోట్‌బుక్‌లో రాసుకున్నవి వరసగా పెడుతున్నాను. ఈ సీరియల్ చూడాలనుకునేవాళ్లకు డిస్కుల సంగతీ, చూసే పద్ధతీ పనికొస్తాయి.

‘కాంపియన్’ బీబీసీలో 1989లో ఒక సీజన్, 1990లో ఇంకొకటి వచ్చింది. మార్జరీ ఆలింగ్‌హామ్ రాసిన ఎనిమిది నవలలు తీసుకుని, ఒక్కో కథను సుమారు గంట చొప్పున రెండు భాగాలుగా తీశారు. కథలన్నీ 1930ల ఇంగ్లండ్‌లో జరుగుతాయి. డిటెక్టివ్ ఆల్బర్ట్ కాంపియన్ గొప్ప వంశంవాడే కానీ అసలు పేరు దాచుకుని తిరుగుతాడు. కళ్లద్దాలు, అమాయకపు నవ్వు, అర్థంలేనట్టు వినిపించే మాటలు. ఆ వేషం పీటర్ డేవిసన్‌ది. 1980ల మొదట్లో ‘డాక్టర్ హూ’ అనే బీబీసీ సీరియల్లో డాక్టర్ అనే ముఖ్యపాత్ర చేసినాయన. కాంపియన్ దగ్గర పనిచేసే లగ్ ఒకప్పటి దొంగ. ఆ పాత్ర వేసిన బ్రయాన్ గ్లోవర్ నటుడు కాకముందు నిజంగానే కుస్తీలు పట్టినవాడు, నడకలో తెలిసిపోతుంది.

మొదటి వారం: డిస్కులతోనే సరిపోయింది. లండన్‌లో ఉండే మా బావ డీవీడీల సెట్ తెచ్చిచ్చాడు. ఇంట్లో ఉన్న పాత ప్లేయర్ డిస్కు తీసుకోలేదు. డీవీడీలకు ప్రాంతాన్ని బట్టి రీజియన్ నంబరు ఉంటుంది: బ్రిటన్ డిస్కులు రీజియన్ 2, మన దేశానివి రీజియన్ 5. లాప్‌టాప్‌కి తగిలించే డ్రైవ్ కొన్నాను. ఒక హెచ్చరిక: డ్రైవ్‌లో రీజియన్ మార్చుకునే అవకాశం ఐదుసార్లే ఉంటుంది, చివరిసారి పెట్టింది ఇక మారదు. నేను ఒకేసారి 2కి మార్చి అలాగే వదిలేశాను. ఇంకొకటి, ఇవి పాత టీవీ కొలతల్లో, అంటే 4:3లో ఉంటాయి. టీవీ దాన్ని తెర నిండా సాగదీస్తే కాంపియన్ నడిపే పొడుగు కారు ఇంకా సాగి, అణిగినట్టు కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి 4:3 పెట్టి, రెండు పక్కలా నలుపు ఉండనివ్వండి. లాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో చూస్తుంటే కదిలే చోట సన్నటి గీతలు కనిపించినప్పుడు ‘డి’ కీ నొక్కితే సర్దుకుంటుంది.

‘లుక్ టు ది లేడీ’. ఒక వంశం వెయ్యేళ్లుగా కాపాడుతున్న పానపాత్రను దొంగిలించాలని ముఠా పన్నాగం. రెండు భాగాలూ ఒకే రాత్రి చూసేశాం. తప్పు చేశామని మర్నాడు తెలిసింది. కథ గుర్తుంది, కానీ దేన్నీ అనుమానించిన గుర్తు లేదు. అందుకే ఆ తర్వాత నుంచి శనివారానికి ఒకటే ఎపిసోడ్. మొదటి భాగం అవగానే నేనూ నాన్నా ఎవరికి వాళ్లం చీటీ మీద హంతకుడి పేరు, ఒక్క కారణం రాసి స్టీలు డబ్బాలో వేస్తాం. వారం పాటు ఆ మాట ఎత్తకూడదు. నాన్న పాకెట్ సైజు డిటెక్టివ్ నవలల తరం మనిషి. ఈ నియమం ఆయన పెట్టిందే.

‘పోలీస్ ఎట్ ది ఫ్యూనరల్’. ఇప్పటిదాకా నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కేంబ్రిడ్జ్‌లో ఒక పాత ఇల్లు. ముసలావిడ కారొలైన్ మాటే చట్టం. తల నెరిసిన బిడ్డలు కూడా ఆమె ముందు చిన్నపిల్లల్లా భయపడుతూ కూర్చుంటారు. ఆ భోజనాల బల్ల చూస్తుంటే మా తాతగారి ఊళ్లో ఉమ్మడి ఇల్లు గుర్తొచ్చింది: ఎవరికీ సొంత డబ్బు లేదు, సొంత గది లేదు, కోపం మాత్రం ఎవరిది వాళ్లకుంది. హత్యకు కారణం వెతకాల్సింది ఆ బల్ల దగ్గరే అనిపించింది. ఇక్కడే వంశవృక్షం గీసుకోవడం మొదలుపెట్టాను. నోట్‌బుక్ ఎడమ పేజీలో మనుషులు, వరసలు. కుడి పేజీలో ఎవరు ఎక్కడ ఉన్నామని చెప్పారు. ఇంగ్లిషు పేర్లు పది దాటితే ఇది లేకుండా కష్టం. లగ్ మాట్లాడే లండన్ యాస అందకపోతే వీఎల్‌సీలో వేగం 0.9కి తగ్గించండి. గొంతు మారదు, మాట మాత్రం విడివిడిగా వినిపిస్తుంది.

‘ది కేస్ ఆఫ్ ది లేట్ పిగ్’. అంత్యక్రియలు అయిపోయిన మనిషి కొన్ని నెలల తర్వాత మళ్లీ శవంగా దొరుకుతాడు, అదీ అప్పుడే పోయినట్టు. చీటీలో నాది తప్పు, నాన్నది ఒప్పు. “ఆ అబ్బాయి అందర్నీ నవ్విస్తూ ఎవరు నవ్వడం లేదో చూస్తున్నాడురా. నువ్వూ అదే చూడు,” అన్నారు. అప్పటినుంచి కుడి పేజీలో ఇంకో గడి పెట్టాను: కాంపియన్ ముఖంలో నవ్వు ఆగిన చోటు. డేవిసన్ నటన ఎంత జాగ్రత్తగా ఉందో ఆ గడి నింపుతుంటేనే తెలిసింది. గొంతు పెంచడు, కళ్లు పెద్దవి చేయడు. వాగుతున్న మాట మధ్యలో చిన్న విరామం, అంతే. ఈ సీరియల్ తేలిగ్గా ఉంటుంది కాబట్టి పని చేసుకుంటూ చూడొచ్చని అనుకుంటారు. అలా చూస్తే ఆ విరామం జారిపోతుంది.

‘డెత్ ఆఫ్ ఎ గోస్ట్’లో చనిపోయిన చిత్రకారుడు తన బొమ్మల్ని ఏడాదికి ఒకటి చొప్పున జనానికి చూపించమని ఏర్పాటు చేసి పోతాడు. అలాంటి ఒక సాయంత్రం దీపాలు ఆరిపోతాయి. ఎవరు చేశారన్నదానికన్నా ఎలా రుజువు చేయాలన్నదే ఇందులో పెద్ద చిక్కు, కాబట్టి చీటీలు లెక్కలోకి తీసుకోలేదు. ‘స్వీట్ డేంజర్’ సరదాగా సాగింది. అమాండా అనే అమ్మాయి నీటిమరతో కరెంటు పుట్టించే ఇల్లు నాకెంతో నచ్చింది. ‘డాన్సర్స్ ఇన్ మోర్నింగ్’ దిగులుగా ఉంది, మళ్లీ ఒకసారి చూడాలి.

మీరు మొదలుపెడితే ఒక చిన్న మార్పు చేసుకోండి. ఆఖర్న వేసిన ‘మిస్టరీ మైల్’ నవలగా 1930లోనే వచ్చింది, లగ్ మొదట కనిపించేది అందులోనే. రెండోసారి చూసేటప్పుడు నేను దాన్నే ముందు పెట్టుకుంటాను.

నిన్నటిది ‘ఫ్లవర్స్ ఫర్ ది జడ్జ్’ మొదటి భాగం. ఒక కుటుంబం నడిపే ప్రచురణ సంస్థ, అందులో భాగస్వామి శవం. ఇరవై ఏళ్ల కిందట అదే కుటుంబంలో ఒకాయన పట్టపగలు వీధిలో నడుస్తూ మాయమైపోయాడు. పేరులోని పూల సంగతి నాన్న చెప్పారు: పాతకాలంలో జైలు జ్వరం సోకకుండా, కంపు తగలకుండా లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు జడ్జీలు పూలగుత్తి పట్టుకునేవారట. ఆ ఆచారం ఇప్పటికీ ఉంది.

చీటీలు డబ్బాలో పడ్డాయి. నేను హంతకుడి పేరు రాశాను. నాన్న రాస్తుంటే ఒక్క మాట కనిపించింది, ‘వీధి’ అని. వచ్చే శనివారం రెండో భాగం.